తెలివైనవాడే, కానీ...

ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసే మాటల్లో బాగా అరిగిపోయినది ఒకటుంది: "తెలివైనవాడే, కానీ శ్రద్ధ లేదు." రెండో తరగతిలో రాస్తారు, మూడో తరగతిలో రాస్తారు, ఐదుకొచ్చేసరికి "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అని కాస్త మార్చి రాస్తారు. ఇంట్లోవాళ్ళు మొదటి సగం చదివి ఊరట పడతారు, రెండో సగం చదివి పిల్లవాడికి రెండు తగిలిస్తారు, సంతకం పెట్టి పంపేస్తారు. రెండు సగాలూ కలిపి చదివితే అందులో ఒక ప్రశ్న ఉంది. క్రికెట్ స్కోర్లన్నీ గుర్తుండేవాడికి, పాడైన టార్చిలైటు విప్పి బాగుచేసేవాడికి, అక్షరాల దగ్గరికి వచ్చేసరికే శ్రద్ధ ఎక్కడికి పోతోంది?

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫోర్డ్ ఆయన ఊరు. ఆయన దగ్గరికి వచ్చిన పెర్సీకి 14 ఏళ్ళు. ఏడో ఏటి నుంచీ బడులు, ట్యూషన్లు అన్నీ అయ్యాయి. అయినా చిన్న చిన్న మాటలు చదవడానికి కూడా అవస్థ పడేవాడు. తన పేరు రాయమంటే మధ్యలో రెండక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాశాడు. అదే కుర్రాడు 749ని 867తో గుణించమంటే చకచకా చేసి సరైన జవాబు చెప్పాడు. పాఠాలన్నీ నోటితో చెప్పేవే అయితే బడి మొత్తానికీ చురుకైనవాడు ఇతనేనని అతని పంతులు అన్నాడట.

ఆ పంతులు కూడా "తెలివైనవాడే" దగ్గరే మొదలుపెట్టాడు. "కానీ" తర్వాత మాత్రం శ్రద్ధ పేరు ఎత్తలేదు, అచ్చులో ఉన్న అక్షరం వైపు చూపించాడు. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టరు 1887 నాటికే ఇలా చదవలేకపోవడానికి డిస్లెక్సియా అన్న పేరు వాడుకలోకి తెచ్చాడు, అయితే అది మెదడు దెబ్బతిని చదువు పోగొట్టుకున్న పెద్దవాళ్ళ గురించి. పుట్టుకతోనే ఇలా ఉండే పిల్లలున్నారని స్పష్టంగా రాసిన తొలి వ్యాసంగా పెర్సీ కథనే చెప్పుకుంటారు. అంటే ఈ సంగతి తెలిసి 130 ఏళ్ళు కావస్తోంది. ఇంత కాలం తర్వాత కూడా ప్రోగ్రెస్ కార్డు శ్రద్ధ దగ్గరే ఆగిపోయిందంటే తెలియకపోవడం ఒక్కటే కారణం అనుకోవడం కష్టం. తెలియకపోతే చెప్పొచ్చు. ఒప్పుకోకపోతే ఎంత చెప్పినా అంతే.

ఒప్పుకోకపోవడానికి ఈ సమస్య ఎందుకంత అనువుగా ఉంటుందో చూడాలంటే ముందు అది పనిచేసే తీరు చూడాలి. మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ నలుగురూ మాట్లాడుతుంటే దానంతటదే వస్తుంది. చదువు అలా రాదు. మనిషి రాత కనిపెట్టి ఐదు వేల ఏళ్ళకు కాస్త పైమాట, మెదడు పరిణామంలో అది నిన్నటి సంగతి కింద లెక్క. అందుకే మెదడులో చదవడానికంటూ పుట్టుకతో వచ్చే చోటు లేదు. ఆకారాలను గుర్తుపట్టే చోటు నుంచి కొంత, మాటల్లోని శబ్దాలను పట్టుకునే చోటు నుంచి కొంత అరువు తెచ్చుకుని, రెండిటికీ మధ్య ప్రతి పిల్లవాడూ కొత్తగా దారి వేసుకోవాల్సిందే. డిస్లెక్సియా ఉన్నవాళ్ళలో ఆ దారి నెమ్మదిగా పడుతుంది, పడ్డాక కూడా ఇరుగ్గానే ఉంటుంది.

చాలామంది అనుకున్నట్టు చిక్కు కంట్లో లేదు. అక్షరాలు తిరగబడి కనిపిస్తాయన్నది బాగా పాకిపోయిన అపోహ. ఎక్కువమందిలో ఇబ్బంది విన్న మాటను శబ్దాలుగా విడగొట్టుకోవడంలో ఉంటుంది. "కమలంలో మ తీసేస్తే ఏం మిగులుతుంది?" అని ఆరేడేళ్ళ పిల్లలను అడిగి చూడండి. కాసేపు పెదాలు కదిపి "కలం" అనేవాళ్ళు చాలామందే ఉంటారు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి కమలమంటే తెలుసు, కలమంటే తెలుసు, మాట మధ్యలోంచి ఒక ముక్క ఊడదీయడం దగ్గరే పని ఆగిపోతుంది. చెవిలో విడిపడని శబ్దానికి కాగితం మీద అక్షరం ఎలా అతుకుతుంది?

2001లో ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి పోల్చారు. ఇటాలియన్‌లో రాసినట్టే చదువుతారు కాబట్టి అక్కడివాళ్ళు మిగతా ఇద్దరి కన్నా తప్పులు తక్కువగా చదివారు. కానీ శబ్దాలకు సంబంధించిన పరీక్షల్లో ముగ్గురూ ఒకేలా వెనకబడ్డారు, స్కాన్‌లో కూడా ఎడమ మెదడులోని ఒకే ప్రాంతం ముగ్గురిలోనూ తక్కువగా పనిచేస్తూ కనిపించింది. అంటే భాషను బట్టి మారేది పైకి కనిపించే తీరే.

తెలుగువాళ్ళు ఈ సంగతి కాస్త ఆగి ఆలోచించాలి. మనది కూడా దాదాపు రాసినట్టే చదివే లిపి. అందుకే "తెలుగులో డిస్లెక్సియా ఏమిటండీ, అదంతా ఇంగ్లీషు స్పెల్లింగుల గోల" అనే మాట చదువుకున్నవాళ్ళ నోటే వినిపిస్తుంది. తెలుగులో అది తప్పుల రూపంలో కన్నా నడక రూపంలో బయటపడుతుంది. ఆ నడకకు మన భాషలోనే చక్కని పేరుంది: కూడబలుక్కోవడం. ఒకటో తరగతిలో అందరూ కూడబలుక్కునే చదువుతారు. ఐదో తరగతిలో కూడా అదే నడక ఉంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు, చదివింది బుర్రకెక్కదు. రాతలో దీర్ఘాలు జారిపోతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. 'బస్సు' 'బసు' అవుతుంది, 'కాలు' 'కలు' అవుతుంది.

పైగా తెలుగు లిపి బరువు తెలుగు లిపిది. అక్షరాలు 56 అని చెప్పుకుంటాం కానీ గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే పిల్లవాడు గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి పోతాయి. ప, వ పక్కపక్కన పెడితే తేడా ఎంత? స, న సంగతీ అంతే, ద, ధ సంగతీ అంతే. మన లిపికి చాలా దగ్గర చుట్టమైన కన్నడ మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్కడ మామూలు పిల్లలకు కూడా అక్షరాల మీద పూర్తి పట్టు నాలుగో తరగతి దాకా వస్తూనే ఉంటుందని అందులో తేలింది. తెలుగు బడుల్లో చూసేదీ దాదాపు ఇదే. మామూలు పిల్లలకే ఇంత ఆలస్యమైనప్పుడు, డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు వాళ్ళ మధ్య మూడేళ్ళు హాయిగా దాగిపోతాడు. "గుణింతాలు ఇంకా కుదురుకోలేదు, వాటంతటవే వస్తాయిలే" అని ఆ మూడేళ్ళూ ఎవరైనా అనొచ్చు, ఎవరూ కాదనలేరు.

దాక్కోవడానికి ఇంకో చోటు కూడా మన చదువే ఇచ్చింది. పద్యాలు, ఎక్కాలు, పాఠం కింది ప్రశ్నలకు జవాబులు, అన్నీ వల్లె వేయించే అలవాటు మనది. చెవి ద్వారా వచ్చింది పట్టుకోగలిగిన పిల్లవాడు పాఠం మొత్తం కంఠతా పెట్టేస్తాడు. పుస్తకం తెరిచి, వేలు వరస వెంట జరుపుతూ, గడగడా అప్పజెప్తాడు. వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు ఇంకో మాట దగ్గర ఉంటుంది. దగ్గర కూర్చుని చూస్తే తప్ప పట్టుకోలేరు. యాభై మంది పిల్లలున్న తరగతిలో ఎవరు దగ్గర కూర్చుంటారు? అలా నాలుగో తరగతి దాకా లాక్కొస్తాడు. పాఠాలు పెరిగి, సైన్సు, సోషల్ విడివిడి పుస్తకాలై, వల్లెవేతకు లొంగనంత అయ్యాక ఒక్క ఏడాదిలో మార్కులు కుప్పకూలతాయి. అప్పుడు ఇంట్లో వినిపించే మాట: "మొన్నటిదాకా బాగానే చదివేవాడు, ఈమధ్యే చెడిపోయాడు."

రోజుకో రకంగా ఉండటం మరో చిక్కు. నిన్న సాయంత్రం పది సార్లు రాయించిన మాట ఇవాళ పొద్దున డిక్టేషన్‌లో తప్పు రాస్తాడు. నిన్న వచ్చింది ఇవాళ రాలేదంటే కావాలనే చేస్తున్నాడని అనుకోవడం సహజం. కాలు విరిగినవాడు నిన్న నడిచి ఇవాళ కుంటడు కదా! అలవాటుగా మారని పని ప్రతిసారీ మొదటి నుంచి చేయాల్సి వస్తుందని, అలసిపోయిన రోజు తప్పుతుందని పెద్దవాళ్ళకు తట్టదు. చదవడం వాళ్ళకు ఎప్పుడో అప్రయత్నంగా మారిపోయింది, కష్టపడి చదివిన రోజులు గుర్తుండవు.

ఇక ఇల్లు. పిల్లలకు పలక మీద ఓం నమః శివాయ దిద్దించడానికి బాసర దాకా వెళ్ళి క్యూలో నిలబడే జనం మనది. అక్షరం ఇక్కడ సరస్వతి, కాలికి పుస్తకం తగిలితే కళ్ళకద్దుకుంటాం. ఇంత పవిత్రమైన దాన్ని అందుకోలేకపోవడం శరీరంలో ఒక తేడా అని అనుకోవడం కష్టం. అది పాపమో, శాపమో, బద్ధకమో అయి ఉండాలి. మూడింటిలోకీ బద్ధకమే నయం, దాన్ని దెబ్బలతో వదిలించొచ్చన్న ఆశ ఉంటుంది. ఒప్పుకోని తల్లిదండ్రులు పట్టించుకోనివాళ్ళని ఎవరైనా అంటే అది పెద్ద అన్యాయం. వాళ్ళు చేసినన్ని పనులు ఎవరూ చేయరు. ముందు కంటి డాక్టరు. తర్వాత సరస్వతి ఆకు లేహ్యం, నానబెట్టిన బాదం పప్పులు. తర్వాత ట్యూషన్, ఆ ట్యూషన్ చాలదని ఇంకో ట్యూషన్. తర్వాత స్కూలు మార్పు. అదీ కాకపోతే హాస్టలు. ప్రతిదానికీ డబ్బు ఖర్చవుతుంది, ప్రతిదానికీ ఒక ఏడాది పోతుంది. ఈ వరసలో ఏదీ తెలివితక్కువ పని కాదు, విడివిడిగా చూస్తే అన్నీ సబబుగానే ఉంటాయి. కంటి పరీక్ష నిజంగానే ముందు చేయించాల్సినదే. ఒప్పుకోకపోవడం ఎప్పుడూ మొండిగా "లేదు" అనదు, "ముందు ఇది చూద్దాం" అంటుంది.

పొసగని రెండు సంగతులు మనసులో ఒకేసారి పెట్టుకోవడం మనిషికి ఇబ్బంది అనీ, ఆ ఇబ్బంది తీర్చుకోవడానికి రెండిట్లో ఒకదాన్ని సర్దుకుంటాడనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో సిద్ధాంతీకరించాడు. "మావాడు చురుకైనవాడు", "మావాడికి చదవడం రావట్లేదు" అన్నవి అలాంటి రెండు సంగతులు. కళ్ళెదుట కనిపిస్తున్న చురుకుదనాన్ని కొట్టేయలేరు. రాకపోవడాన్నే "రాక కాదు, చేయక" అని మార్చుకుంటారు. విచిత్రమేమిటంటే పిల్లవాడి తెలివే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది. మందకొడిగా ఉండే పిల్లవాడి మీద జాలైనా పడతారు, చురుకైనవాడికి ఆ జాలి కూడా దక్కదు.

ఇలా సర్దుకోవడాన్ని అబద్ధంతో కలపకూడదు. అబద్ధం చెప్పేవాడికి నిజం పూర్తిగా తెలుసు. ఒప్పుకోనివాడికి సగం తెలుసు. ఆన్సర్ షీట్లు బంధువులు వచ్చినప్పుడు బీరువా పైకి చేరతాయి, పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ఆ రోజే పని పడుతుంది. తెలియనివాడికి దాచాల్సిన అవసరం ఏముంది?

అన్నిటికన్నా గట్టిగా అడ్డుపడే గొంతు చాలాసార్లు తండ్రిది. "నాకూ చిన్నప్పుడు ఇంతే. నేను పైకి రాలేదా?" అంటాడు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు, బహుశా ఆ ఇంట్లో ఎవరూ అనని నిజం అదే. డిస్లెక్సియా వంశంలో నడుస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ఆ తండ్రి తన చిన్ననాటి గురించి చెబుతున్నది సాక్ష్యంలాగే తీసుకోవచ్చు. అతని బాధ వేరు. కొడుకుకి పేరున్న సమస్య ఉందని ఒప్పుకుంటే తన కథ కూడా తిరగరాయాలి. బెత్తం దెబ్బలు, బెంచీ ఎక్కి నిలబడటాలు, పది తప్పి షెడ్డులో పనికి చేరడం, అన్నీ తన బద్ధకం వల్లే జరిగాయని నలభై ఏళ్ళుగా నమ్ముతున్నాడు. ఆ నమ్మకంలో ఒక ఓదార్పు ఉంది: తప్పు తనదే, దిద్దుకున్నాడు, పైకి వచ్చాడు. ఇప్పుడు ఎవరో కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని, ఆ దెబ్బలకు అర్థమే లేదని పరోక్షంగా చెబుతోంది. కొడుకు రిపోర్టు బల్ల మీద తోసేస్తున్నప్పుడు అతను తోసేస్తున్నది ఆ ఒక్క కాగితాన్ని కాదు.

ఆడపిల్లల విషయంలో ఈ తోసివేత ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. స్కూళ్ళు పంపే జాబితాల్లో ఎప్పుడూ అబ్బాయిలే ఎక్కువ. 1990లో అమెరికాలోని కనెక్టికట్‌లో, టీచర్లు ఎంచి పంపిన పిల్లల్ని మాత్రమే చూడకుండా పిల్లలందరికీ పరీక్షలు పెట్టి చూస్తే అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అల్లరి చేసేవాడు టీచరు కంట్లో పడతాడు, వెనక బెంచీలో తల దించుకుని పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకునే పిల్ల పడదు. మన ఇళ్ళలో దీనికి ఇంకోటి తోడవుతుంది: రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా అడిగితే?

పిల్లవాడు మాత్రం ఒప్పుకుంటాడా అంటే, అతనే అందరికన్నా ముందు దాచడం నేర్చుకుంటాడు. పైకి చదవాల్సిన వంతు వచ్చేలోపు బాత్రూమ్‌కి పర్మిషన్ అడుగుతాడు. మొద్దు అనిపించుకోవడం కన్నా పోకిరీ అనిపించుకోవడం నయమని పదేళ్ళకే లెక్క వేసుకుంటాడు. హాలీవుడ్ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కి తన డిస్లెక్సియా పేరు అరవయ్యో పడికి చేరాక తెలిసింది, 2012లో బయటికి చెప్పాడు. చిన్నప్పుడు చదవడంలో తోటివారి కన్నా రెండేళ్ళు వెనకబడి ఉండేవాడినని, పైకి చదవాల్సి వస్తుందని బడికి వెళ్ళాలంటేనే భయమేసేదని చెప్పుకున్నాడు. అంత పేరు సంపాదించినవాడికే అంతకాలం పడితే, ఒక ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఎప్పుడు చెప్పుకుంటాడు?

పెద్దయ్యాక ఈ దాపరికం ఒక వృత్తి నైపుణ్యంగా మారుతుంది. బ్యాంకు ఫారం ఇస్తే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంటారు. మెసేజ్ టైపు చేయకుండా వాయిస్ పంపుతారు. రిపోర్టులు రాయాల్సిన ప్రమోషన్ వస్తే ఫీల్డు పనే ఇష్టమంటారు. ఇంట్లో భార్యకు కూడా తెలియకుండా ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు. రాతపని కన్నా ఆ రాతపని తప్పించుకోవడానికి పెట్టే బుర్ర ఎక్కువ. అడిగితే "నాకు చదవడం అంటే బోరు" అంటారు. ఇష్టం లేదనడం రాదనడం కన్నా గౌరవంగా ఉంటుంది మరి. ఇక్కడ దాపరికాన్ని తప్పు పట్టడానికీ లేదు, పేరు బయటపడితే ఎగతాళి చేసే ఆఫీసులో దాచుకోవడమే తెలివైన పని. చిక్కేమిటంటే ఎదుటివాళ్ళ దగ్గర దాచేది కొన్నాళ్ళకు తన దగ్గర కూడా దాగిపోతుంది.

ప్రభుత్వాలు, చదువుకున్న పెద్దలు కూడా ఈ విషయంలో ఇంట్లోవాళ్ళ కన్నా ఏమంత ముందు లేరు. బ్రిటన్‌లో 1970 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా పేరు చేరింది, రెండేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వ సలహా సంఘం ఆ పేరే వద్దని, చదవడంలో ప్రత్యేక ఇబ్బందులు అంటే సరిపోతుందని తేల్చింది. డబ్బున్నవాళ్ళు తమ పిల్లల మొద్దుతనానికి పెట్టుకున్న ముద్దుపేరు అని అక్కడ చాలాకాలం వెక్కిరించారు. 2009లో గ్రహాం స్ట్రింగర్ అనే లేబర్ పార్టీ ఎంపీ అది చదువు చెప్పడం చేతకాని వ్యవస్థ అల్లిన కట్టుకథ అనేశాడు. దీనికీ, డర్హామ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జూలియన్ ఎలియట్ లాంటివాళ్ళు వేసే ప్రశ్నకూ తేడా చూడాలి. చదవలేకపోవడం నిజమేనని ఎలియట్ ఒప్పుకుంటాడు. చదవలేని పిల్లల్లో కొందరిని ఏరి డిస్లెక్సియా అని, మిగతావాళ్ళని ఉత్త వెనకబడినవాళ్ళని విడదీసే గీతకు శాస్త్రీయ ఆధారం ఏమిటన్నది ఆయన ప్రశ్న. ఈ ప్రశ్నకు బలం ఉంది. ఐక్యూ ఎక్కువున్నా తక్కువున్నా, చదవలేని పిల్లల మెదడు శబ్దాల పని చేసేటప్పుడు ఒకేలా కనిపిస్తుందని 2011లో వచ్చిన ఒక స్కాన్ అధ్యయనం తేల్చింది. అంటే "తెలివైనవాడే" అన్న మొదటి సగం లేని పిల్లలకు కూడా అదే సాయం కావాలి. పండితుల ఈ వాదన కాస్తా కింది దాకా వచ్చేసరికి "అసలు అలాంటిది లేనే లేదట" అయిపోతుంది.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియాకు చోటు లేదు. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచినప్పుడు అభ్యసన వైకల్యాల కింద ఇది చేరింది. బడి పిల్లలందరినీ ఐదేళ్ళకోసారి సర్వే చేసి ఇలాంటివాళ్ళను గుర్తించాలని కూడా అదే చట్టం చెబుతోంది. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు. గుణింతాల దశలో తొందరపడి ముద్ర వేయకూడదన్న జాగ్రత్త అందులో ఉంది, అది సరైనదే. కానీ శబ్దాలకూ అక్షరాలకూ ముడిపెట్టి, మెట్టుమెట్టుగా, మళ్ళీ మళ్ళీ నేర్పే పద్ధతి ఒకటి రెండు తరగతుల్లో మొదలుపెడితే వచ్చే ఫలితం తర్వాత మొదలుపెడితే రాదు. అలా నేర్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ నిబంధనను మాత్రం ఇళ్ళూ బళ్ళూ కూడా ఆగడానికి దొరికిన అనుమతిలా వాడుకుంటున్నాయి.

పరీక్ష ఏ భాషలో చేస్తారన్నది మరో మెలిక. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు మీడియం, ఆరోక్లాసు వచ్చేసరికి హిందీ. మూడు భాషలకు మూడు లిపులు. అలాంటి పిల్లవాడికి ఇంగ్లీషులో పరీక్ష పెడితే తేలేది డిస్లెక్సియానా, ఇంగ్లీషు రాకపోవడమా? హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల్లో ఈ పరీక్షలను తయారుచేసి 2015లో విడుదల చేసినప్పుడు మొదటి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు. సొంత భాషలో చూడనంతకాలం ప్రతి రిపోర్టులోనూ అనుమానానికి ఒక సందు ఉంటుంది. ఒప్పుకోవడం ఇష్టం లేనివాళ్ళకు ఆ సందు చాలు.

ఈమధ్య ఒప్పుకోకపోవడానికి ఇంకో తీపి రూపం వచ్చింది. డిస్లెక్సియా ఒక వరమట, ఐన్‌స్టీన్‌కీ, లియోనార్డో డావిన్సీకీ ఉండేదట. వాళ్ళకు ఉండేదనడానికి సరైన ఆధారమే లేదు. అయినా ఈ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది, కౌన్సెలింగ్ సెంటర్ల గోడల మీద కూడా వేలాడుతుంది. బెంగపడ్డ తల్లికి ఒక పూట ధైర్యం ఇస్తుంది, నిజమే. కానీ "మావాడిలో ఏదో గొప్ప ప్రతిభ దాగి ఉంది" అని ఎదురుచూడటం కూడా చదవలేకపోవడం నుంచి చూపు తిప్పుకోవడమే. చాలామంది పిల్లలకు దాగిన మేధ ఏమీ ఉండదు. మామూలు తెలివే ఉంటుంది, మామూలుగా బతకడానికి కాస్త చదవడం రావాలి, అంతే. బద్ధకస్తుడన్న ముద్ర ఎంత బరువో మేధావి అన్న ముద్ర కూడా ఆ పిల్లవాడికి అంతే బరువు.

అన్నీ దాటుకుని ఒప్పుకున్న ఇల్లు కూడా చివర ఒక మాట దగ్గర ఆగిపోతుంది. సీబీఎస్ఈ పరీక్షల్లో మూడు గంటల పేపరుకి గంట అదనపు సమయం ఉంది, రాసిపెట్టే మనిషిని తెచ్చుకునే వీలుంది, రెండో భాష నుంచి మినహాయింపు ఉంది. ఇవి కావాలంటే వైకల్యం అన్న మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆ కాగితానికి జనం పేరు సదరం సర్టిఫికెట్, వినగానే పింఛను లైన్లు గుర్తొస్తాయి. ఉరుకుతూ పరుగెత్తుతూ తిరిగే కొడుకును ఆ వరసలో ఎలా నిలబెడతారు? ట్యూషన్లకు లక్ష ఖర్చుపెట్టిన తండ్రి ఇక్కడ ఉచితంగా వచ్చే గంట దగ్గర వెనకాడతాడు. పిల్లవాడికి కూడా అదనపు సమయం తీసుకుంటే అందరూ లేచి వెళ్ళాక హాల్లో తనొక్కడే కూర్చోవాలి, బయట ఫ్రెండ్స్ ఎందుకని అడుగుతారు. కొన్నాళ్ళు తిరిగి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, కాగితం తెచ్చుకుంటారు. ఏ రోజు ఇవ్వాలా అని ఆలోచిస్తూ ఇంటి కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు ఉండే ఫైల్లో పెడతారు. పదో తరగతి హాల్ టికెట్లు వచ్చేనాటికి అది ఇంకా ఆ ఫైల్లోనే ఉంటుంది.